సంతకం పెట్టే ముందు, తమ్మీ

తమ్మీ,

నీ ర్యాప్ పాటల కోసం మ్యూజిక్ కంపెనీ ఇచ్చిందని నువ్వు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంటు మొదటి పేజీ నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. నువ్వు అడిగిన ప్రశ్నలన్నీ అడ్వాన్సు గురించీ, నీ పర్సంటేజీ గురించీ. నాకు టెన్షన్ పుట్టించింది తొమ్మిదో పేజీ. విడుదల తేదీ కంపెనీ ఇష్టం అని ఒక లైను, దాని కిందే సెక్షన్ 19(4) ఈ ఒప్పందానికి వర్తించదు అని ఇంకో లైను.

1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ఆ 19(4) ఉన్నది నీలాంటివాళ్ల కోసమే. హక్కులు రాయించుకున్నవాళ్లు ఏడాదిలోగా వాటిని వాడుకోకపోతే ఆ రాయించుకోవడం చెల్లకుండా పోతుంది. కాకపోతే ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రక్షణ ఉండదు. అందుకే ఆ లైను పెట్టారు. సంతకం పెట్టావంటే నీ ఆరు పాటలు వాళ్ల హార్డ్‌డిస్కులో ఎన్నేళ్లు మూలుగుతున్నా గట్టిగా అడిగే దారి ఉండదు. ఇంకోచోట విడుదల చేసుకోలేవు. పదో పేజీలో ఎక్స్‌క్లూజివ్ అని కూడా ఉంది, అంటే దోస్తు పాటలో నాలుగు లైన్లు పాడాలన్నా వాళ్లనే అడగాలి. యూసుఫ్‌గూడ బస్తీ మీద నువ్వు ఈ ఏడు రాసిన పాట ఈ ఏడే జనంలోకి పోవాలి. మూడేళ్ల తర్వాత వస్తే అందులోని కోపం ఎవరికి తగులుతుంది?

పేరున్నోళ్లకూ ఈ బాధ తప్పలేదు. అమెరికన్ ర్యాపర్ లిల్ వేన్ ఐదో ‘కార్టర్’ ఆల్బమ్ 2014 డిసెంబరులో రావాల్సింది. లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, ఆపేసిందని ఆయన బాహాటంగా చెప్పాడు, 2015లో 5.1 కోట్ల డాలర్లకు దావా వేశాడు. ఆల్బమ్ బయటికొచ్చింది 2018 సెప్టెంబరులో. అంత డబ్బు, అంతమంది లాయర్లు ఉన్న మనిషికే అన్నేళ్లు పట్టింది.

అమెరికా ర్యాప్ బృందం డి లా సోల్ సంగతి ఇంకా బాధాకరం. పాత పాటల ముక్కలు ఏరి, అతికి, 1989లో కొత్త రకం ర్యాప్ తెచ్చారు. ఆ ముక్కల అనుమతుల చిక్కులు, లేబుల్‌తో లెక్కల తగాదా కలిసి వాళ్ల తొలి ఆల్బమ్‌లను స్ట్రీమింగ్‌లోకి రానివ్వలేదు. చివరికి 2023 మార్చి 3న వచ్చాయి. ముగ్గురిలో ఒకడైన డేవిడ్ జోలికోర్ ఆ ఫిబ్రవరి 12నే కన్నుమూశాడు. మూడు వారాలు కూడా తేడా లేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

నీ మూడో పాట బీటు, అదే మాటల కింద మోగే సంగీతం, ఆన్‌లైన్‌లో కొన్నానన్నావు. లీజుకా, పూర్తిగానా? లీజైతే అదే బీటు ఇంకెంతమంది దగ్గరైనా ఉండొచ్చు, ఇన్ని స్ట్రీములు దాటితే మళ్లీ కట్టాలన్న షరతూ ఉండొచ్చు. ఆ రసీదు వెతికి తియ్. ఎందుకంటే పదకొండో పేజీలో ప్రతి శబ్దమూ నాదే, కేసొస్తే ఖర్చంతా నాదే అని నువ్వు హామీ ఇస్తున్నావు.

రాయల్టీ విషయంలో మాత్రం చట్టం నీ పక్కనే ఉంది. 2012 సవరణ తర్వాత పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు తమ రాయల్టీ వాటాను లేబుల్‌కు వదిలేస్తూ సంతకం పెట్టినా అది చెల్లదు. పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యుడిగా చేరి, రాసిన ప్రతి పాటా నమోదు చేయించు.

ఇప్పుడు వాళ్లకు మెయిల్ పెట్టు. 19(4) లైను తీసేయమను. మాస్టర్, అంటే పూర్తయిన ఫైనల్ రికార్డింగ్, చేతికందిన ఆరు నెలల్లో విడుదల చేయకపోతే హక్కులన్నీ తిరిగి నాకే అని రాయమను. అందుకు అడ్వాన్సులో కొంత కోసినా ఒప్పుకో. అందరూ ఇదే కాగితం మీద సంతకం పెట్టారు అంటారు. ఆ అందరిలో ఎందరి పాటలు బయటికొచ్చాయో అడుగు. భూమి కేసులు చూసే మీ మామ మంచి లాయరే, కాదనను, కానీ ఇది కాపీరైట్ కేసులు చూసేవాళ్ల చేతిలో పెట్టు. గొడవొస్తే ముంబైలోనే తేల్చుకోవాలన్న క్లాజు కూడా వాళ్లకు చూపించు. ఈలోగా కోఠీకి పోయి కాపీరైట్ చట్టం పుస్తకం కొనుక్కో. పద్దెనిమిది, పంతొమ్మిది సెక్షన్లు నువ్వే చదువు, అర్థం కానిచోట గీత గీసి నాకు ఫోన్ చెయ్.

బీటు కట్టిన మీ దోస్తుతో ఈ వారమే కూర్చో. ఏ పాటలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. పాట ఆడాక ఆ మాట ఎత్తితే దోస్తానా మిగలదు. ఆ కాగితం ఫొటో కూడా నాకు పంపు.

మీ అన్న