తెల్లవారుజామున వచ్చే ఆ ఆలోచన నాదేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. ఆర్నెల్లుగా అలారం ఆరింటికి పెట్టుకున్నా ఐదు కాకముందే మెలకువ వచ్చేస్తోంది, వస్తూనే గుండె దడదడ, కడుపులో దేవినట్టు ఉంటుంది. మెడ మీద వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టుకుంటూ పడుకుంటాను. పక్కనే పాప నిద్రపోతుంటుంది, ఉన్నట్టుండి ‘కత్తి తెచ్చి దీన్ని పొడిచేస్తే?’ అని వస్తుంది. ఈ మాట రాస్తుంటేనే చేతులు వణుకుతున్నాయి. నేను అలాంటిదాన్ని కాదు, కాదు అని వందసార్లు అనుకుంటాను. కత్తులన్నీ పై అరలో పాత గిన్నెల వెనక దాచేశాను. పదింటికల్లా మామూలు మనిషినవుతాను, తెల్లారితే మళ్లీ అదే. మా ఆయనకు చెప్పలేదు, చెబితే పాపను నా దగ్గర వదులుతారో లేదో అని భయం. నాకు పిచ్చి పడుతోందా? – ఒక తల్లి

జవాబు: లేదమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, పిచ్చి అనదగ్గది ఒక్కటీ కనబడలేదు. పాపకు హాని చేయాలనుకునే మనిషి కత్తులు దాచుకోదు. మీకు ఆ ఆలోచన అంటే అసహ్యం, అందుకే అది అంత గట్టిగా పట్టుకుంది. ఇలాంటివి మీ ఒక్కరికే రావు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగి చూస్తే, ఎక్కువమంది ఇలాంటి పాడు ఆలోచనలు మాకూ వస్తాయనే చెప్పారు. తేడా ఏమిటంటే వాళ్లు ‘ఛీ, ఇదేంటి’ అనుకుని పక్కకు తిరిగి పడుకుంటారు, మీరు లేచి కూర్చుని విచారణ మొదలుపెడతారు.

ఇక పొద్దున్నే ఎందుకంటే, కార్టిసాల్ అనే హార్మోన్ తెల్లవారుజాము నుంచే పెరుగుతూ వస్తుంది, మెలకువ వచ్చాక మొదటి అరగంట, ముప్పావుగంటలో ఇంకాస్త ఎగబాకుతుంది. ఇది అందరికీ జరిగేదే, మనిషిని లేపి నిలబెట్టడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటు. మీ ఇబ్బందికంతటికీ అదే కారణం అనను కానీ, ముందే టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఆ వేళ దడ కూడా తోడైతే మనసు ఊరుకోదు, ఎందుకీ దడ అని కారణం వెతుకుతుంది, వెతికి వెతికి మీకు అన్నిటికన్నా ప్రాణమైనదాని దగ్గరికే వెళ్తుంది.

మీరు చేస్తున్న పొరపాటు ఒకటుంది, ఏమీ అనుకోకండి. ఆ ‘నేను అలాంటిదాన్ని కాదు’ అనే జపం ఆపాలి. 1987లో వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులను గదిలో కూర్చోబెట్టి ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని మాత్రం తలుచుకోవద్దన్నాడు, తలుచుకుంటే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి! వద్దన్నకొద్దీ వస్తుంది. నాడి చూసుకోవడం, కత్తులు దాచడం, ఫోన్‌లో వెతకడం, ఇవన్నీ కూడా ఆ జపం లాంటివే. కాసేపు ఊరట ఇస్తాయి, మర్నాటికి అప్పు వడ్డీతో సహా తిరిగొస్తుంది.

కాబట్టి రేపు మెలకువ రాగానే మెడ మీద వేళ్లు పెట్టకండి. ఆలోచన వస్తే ‘ఆ, వచ్చింది’ అనుకోండి, అంతే. అవును అనొద్దు, కాదు అనొద్దు. పక్క మీదే దొర్లుతూ వాదన పెట్టుకోకుండా పాదాలు నేలకు ఆనించి లేవండి, ఏదో ఒక పనిలో పడండి, ఆలోచన వెంట వస్తే రానివ్వండి, దాన్ని వదిలించుకోవడానికి మాత్రం ఆ పని చేయకండి. ఈ తేడా పట్టుబడటానికి చాలా రోజులు పడుతుంది, మొదట్లో దడ ఇంకా పెరిగినట్టే ఉంటుంది. కాఫీ అలవాటుంటే దడ తగ్గాకే తాగండి. గట్టిగా ఊపిరి పీల్చి వదలడం లాంటివి మంచివే కానీ ఇన్నిసార్లు చేయకపోతే ఏదో అయిపోతుందని లెక్క మొదలైతే అదీ మరో జపమే అవుతుంది.

ఆర్నెల్లు అంటున్నారు కనుక నా జవాబుతో సరిపెట్టుకోకండి. మానసిక వైద్యుల్ని కలవండి, ఇది ఓసీడీ (వద్దన్న ఆలోచనే పదేపదే రావడం, దాన్ని ఆపడానికి చేసిందే చేయడం అనే జబ్బు) కావచ్చు, ఆందోళన జబ్బు కావచ్చు, చూసి చెప్పాల్సింది వాళ్లే. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించమంటారు, అది ఎక్కువైనా దడ వస్తుంది. దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అదీ దాచకుండా చెప్పండి, తెల్లవారుజామునే మెలకువ రావడం డిప్రెషన్‌లో కూడా ఉంటుంది. ఓసీడీ అయితే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే చికిత్స ఉంది, భయపడేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ జపం మాత్రం చేయకుండా ఉండటం నేర్పిస్తారు. ఆ కత్తులు కిందికి ఎప్పుడు దించాలో కూడా వాళ్లతో కలిసే అనుకోండి. మందులు ఇస్తే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులు వాడి లాభం లేదని మానేయకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. పాపకు హాని చేయాలని నిజంగానే అనిపించినా, చేయమని ఎవరో చెబుతున్నట్టు వినబడినా, మీ ప్రాణం తీసుకోవాలనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, పక్కన ఒకరిని ఉంచుకోవాలి.

మీ ఆయనకు ఎలా చెప్పాలా అంటారా? ఎదురుగా కూర్చుని చెప్పడం కష్టమైతే ఈ పేజీ చేతికిచ్చి, ‘ఈ ఉత్తరం నేనే రాశాను, డాక్టర్ దగ్గరికి తోడు రా’ అనండి.