ఒక ఫ్యాక్టరీకి చుట్టుపక్కల ఫ్యాక్టరీలతో, కాలేజీలతో సంబంధాలుంటే కాలుష్యం తగ్గించే కొత్త పద్ధతులు నిజంగా వస్తాయా?

వస్తాయి. కాకపోతే ఎవరితో, ఎలాంటి సంబంధం అన్నదే అసలు సంగతి.

కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు చూడండి. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం ఆర్‌టీపీపీలో బొగ్గు కాలాక మిగిలే మెత్తటి బూడిద, అంటే ఫ్లై యాష్, వాళ్లకి తలనొప్పి, సిమెంటు ఫ్యాక్టరీలకి ముడిసరుకు. ఇలా బూడిద కలిపి చేసే పీపీసీ రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా కలపొచ్చని దేశంలో నాణ్యతా ప్రమాణాలు పెట్టే బీఐఎస్ ప్రమాణమే చెబుతోంది. కలిపినంత మేర బస్తాలో క్లింకర్ (సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిగడ్డ) తగ్గుతుంది, సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే వచ్చే కార్బన్ డయాక్సైడూ తగ్గుతుంది.

ఇక్కడిదాకా అయితే ఉత్త బేరమే. ఏ లోడు ఎంత మెత్తగా ఉంది, కాలని బొగ్గు ఎంత మిగిలింది అనే ల్యాబ్ లెక్కలు రెండువైపులా దాచుకోకుండా చెప్పుకుంటేనే కొత్త మిశ్రమాలకి దారి దొరుకుతుంది. అందుకు నమ్మకం, పాత పరిచయం కావాలి. అలాగని ఎప్పుడూ ఆ నలుగురితోనే మాట్లాడితే తిరగేసి మరగేసి అవే ఆలోచనలు. కొత్త కబురు తెచ్చేది వేరే రంగం వాళ్లు, యంత్రాలు అమ్మేవాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీలు.

విన్నదాన్ని పరీక్షించే మనిషి మన దగ్గరా ఉండాలి (ఎంవోయూలు, అంటే ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టే ఫొటోలతో పని జరగదు). తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల లాంటి చిన్నవాటికి సొంత ల్యాబ్ పెట్టుకోవడం కష్టం. పదిమంది కలిసి ఒక కాలేజీని పట్టుకుంటే, పాలిష్ పట్టేటప్పుడు వచ్చే రాతి బురద ఇటుకల్లో ఎంతవరకు కలపొచ్చో తేల్చుకోవచ్చు.