కేపబిలిటీ మ్యాప్‌లు గీసే ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: ఎంబీఏ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఒక కంపెనీ బిజినెస్ ఆర్కిటెక్చర్ బృందంలో ట్రైనీగా అవకాశం వచ్చింది. బిజినెస్ కేపబిలిటీ మ్యాప్‌లు తయారు చేయడమే ప్రధానమైన పని అంటున్నారు. నాకు స్ట్రాటజీ రంగంలో స్థిరపడాలని కోరిక. డబ్బాలు గీసే పనిలో చేరితే అక్కడే ఉండిపోతావని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ స్నేహితుల మాటలో కొంత నిజం ఉంది. చాలా సంస్థల్లో ఈ మ్యాప్‌ను ఎంతో శ్రమపడి తయారు చేసి, ఒక సమావేశంలో చూపించి, ఆ తరువాత మరచిపోతారు. కానీ వచ్చే ఏడాది పెట్టుబడి దేనికి పెంచాలో, దేనికి తగ్గించాలో అదే మ్యాప్‌ను ముందు పెట్టుకుని తేల్చుకునే సంస్థలూ ఉన్నాయి. మీకు వచ్చిన ఉద్యోగం ఈ రెండో తరహాదైతే నిస్సంకోచంగా చేరండి.

ఒక సంస్థ ఏమేమి చేయగలగాలో, ఆ పనులను ఏ విభాగం ఏ పద్ధతిలో చేస్తున్నదన్న సంగతి పక్కన పెట్టి, సాధారణంగా ఒకే పేజీలో గడులుగా చూపేదే కేపబిలిటీ మ్యాప్. ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూపే ఆర్గ్ చార్ట్ విభాగాలను పునర్వ్యవస్థీకరించిన ప్రతిసారీ మారిపోతుంది, పని జరిగే క్రమాన్ని చూపే ప్రాసెస్ చిత్రం కొత్త సాఫ్ట్‌వేర్ రాగానే పాతబడుతుంది. బీమా సంస్థకు క్లెయిమ్‌లను పరిష్కరించే సామర్థ్యం మాత్రం కాగితాల కాలంలోనూ అవసరమే, మొబైల్ యాప్‌ల కాలంలోనూ అవసరమే. ఈ నిలకడ వల్లనే వ్యూహాన్ని దీని మీద పరచి చూడడం సాధ్యమవుతుంది.

బీమా సంస్థనే తీసుకుందాం. క్లెయిమ్ సొమ్మును అందరికంటే త్వరగా చెల్లించడమే తమ వ్యూహమని యాజమాన్యం నిర్ణయించిందనుకోండి. వినడానికి అది క్లెయిమ్‌ల విభాగం ఒక్కటే చూసుకోవలసిన పనిలాగా ఉంటుంది. మ్యాప్ మీద పెట్టి చూస్తే మాత్రం ఆ ఒక్క మాట పాలసీ వివరాల నిర్వహణ, నష్టం అంచనా, మోసాలను పసిగట్టడం, చెల్లింపులు అనే నాలుగు సామర్థ్యాల మీద ఆధారపడి ఉందని తెలుస్తుంది. వీటిలో మోసాలను పసిగట్టే సామర్థ్యం బలహీనంగా ఉండగా చెల్లింపులను మాత్రం వేగవంతం చేస్తే, సంస్థ దొంగ క్లెయిమ్‌లను కూడా అంతే వేగంగా చెల్లిస్తుంది. కాబట్టి మొదటి పెట్టుబడి ఆకర్షణీయమైన యాప్‌కు కాక మోసాలను పట్టే పనికి వెళ్లాలి. ఈ వాదనను ఆధారాలతో యాజమాన్యం ముందు పెట్టడం స్ట్రాటజీ పనే, డబ్బాలు గీయడం కాదు.

ఈ పనిలో అసలు కష్టం రంగులు వేసేటప్పుడు వస్తుంది. బలహీనమైన సామర్థ్యాలకు ఎరుపు, బలమైన వాటికి ఆకుపచ్చ వేసే హీట్ మ్యాప్‌ను చూసినప్పుడు, తన గడికి ఎరుపు పడిన విభాగాధిపతి దానిని తన మీద తీర్పుగానే భావిస్తారు. అందుకే ఖర్చు, తప్పుల శాతం, పట్టే సమయం వంటి కొలమానాలను రంగులు వేయడానికి ముందే అందరి చేత ఒప్పించాలి. ఏది ముఖ్యమో గుర్తించడంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది, ఎందుకంటే ప్రతి విభాగమూ తన పనే కీలకమంటుంది. ప్రపంచ స్థాయి ఆధిపత్యాన్ని అయిదారు మౌలిక సామర్థ్యాలకు మించి సాధించగల కంపెనీలు అరుదని, కోర్ కాంపిటెన్స్ (సంస్థకు పోటీలో బలాన్నిచ్చే మౌలిక సామర్థ్యం) అనే భావనను ప్రతిపాదిస్తూ మేనేజ్‌మెంట్ నిపుణులు సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ 1990లోనే అన్నారు. అన్ని గడులనూ ముఖ్యమైనవిగా గుర్తించిన మ్యాప్ ఏ నిర్ణయానికీ సాయపడదు.

ఇంటర్వ్యూలో మీరూ కొన్ని ప్రశ్నలు అడగండి. గత బడ్జెట్‌లో ఈ మ్యాప్ వల్ల మారిన నిర్ణయం ఒక్కటైనా ఉందా? ఈ బృందం ఎవరికి జవాబుదారీ? ఐటీ విభాగం కింద ఉంటే, ఒకే పనికి వాడుతున్న మూడు సాఫ్ట్‌వేర్లను ఒకటిగా తగ్గించడం వంటివాటికే మ్యాప్ పరిమితం కావచ్చు. అది కూడా ఉపయోగకరమైన పనే, మీరు కోరుకున్నది మాత్రం అది కాదు.

సర్టిఫికెట్ల కోసం ఇప్పుడే తొందరపడకండి. ఓపెన్ గ్రూప్ వారి టోగాఫ్ (ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ పద్ధతి), బిజినెస్ ఆర్కిటెక్చర్ గిల్డ్ వారి సీబీఏ (సర్టిఫైడ్ బిజినెస్ ఆర్కిటెక్ట్) వంటివి కొంత పని చేసిన తరువాత చదివితేనే ఒంటబడతాయి. బ్యాంకింగ్ రంగానికి బియాన్ సంస్థ రూపొందించిన నమూనా వంటి సిద్ధ నమూనాలను మాత్రం ఇప్పుడే పరిశీలించండి, అవి పేర్లు పెట్టే పద్ధతిని నేర్పుతాయి. అయితే పోటీదారులకూ అవే అందుబాటులో ఉంటాయి కనుక, మీ సంస్థ ప్రత్యేకత ఏమిటో వాటిలో దొరకదు.

ఈలోగా, మీకు అవకాశం ఇచ్చిన కంపెనీ వార్షిక నివేదిక ప్రచురించి ఉంటే దానిని చదివి, పాతిక సామర్థ్యాలతో ఒక మ్యాప్ తయారు చేయండి. నివేదికలో చెప్పుకున్న వ్యూహం వాటిలో వేటి మీద ఆధారపడి ఉందో గుర్తించండి. బలాబలాలు బయటివారికి తెలియవు కాబట్టి రంగులు వేయకుండా వదిలి, ఆ సమాచారం సంస్థలో ఎవరి దగ్గర ఉంటుందో, వారిని కలిసి మాట్లాడే వీలు ట్రైనీకి ఉంటుందో లేదో ఇంటర్వ్యూలో అడగండి.