తుపాకీ పోలీసుల సంగతా, డాక్టర్ల సంగతా?

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. మనవడు ఆడుకోవడానికి వెళ్ళే ఇంట్లో తుపాకీ ఉందని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అక్కడి వైద్యులు తుపాకీని ప్రజారోగ్య సమస్య అంటున్నారట. ఇది పోలీసులు చూసుకోవలసిన విషయం కాదా? అక్కడి జనం ఏమంటున్నారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ భయం ఊరికే పుట్టినది కాదమ్మా. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది మరణించారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారే. హత్య జరిగితే పోలీసులు హంతకుణ్ణి వెతుకుతారు గానీ, తనను తాను కాల్చుకున్న మనిషి ఇంటికి వచ్చి వారు చేయగలిగింది పంచనామా ఒక్కటే. 2020 నుంచి ఏడాది మొదలు 19 ఏళ్ళ వరకు వయసున్న పిల్లల మరణాలకు అక్కడ మొదటి కారణం తుపాకీ. 2024 జూన్‌లో ఆ దేశపు అప్పటి సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే ముఖ్య వైద్యుడు) వివేక్ మూర్తి దీనిని ప్రజారోగ్య సంక్షోభమని ప్రకటించింది ఇందుకే.

వరంగల్ వాళ్ళకు ఈ వాదన కొత్తగా తోచనక్కరలేదు. 1997–98లో పత్తి పోయి, అప్పులు మీదపడి, మన రైతులు ఎందరో పురుగుమందుకు బలైన రోజులను మన తరం చూసింది. మంచం కింద, వడ్ల బస్తాల సందున పత్తి మందు డబ్బా ఎప్పుడూ చేతికందేలా ఉండేది. అప్పు తీరకపోవచ్చు, కానీ మనసు విరిగిన ఆ కాసేపు డబ్బా అందకపోతే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ. శ్రీలంకలో అతి విషపూరితమైన మందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మందు తాగినవారిని ఎంజీఎం ఆసుపత్రి దాకా చేర్చే వ్యవధి కొందరికైనా దొరుకుతుంది. తుపాకీతో ఆత్మహత్యకు ప్రయత్నించినవారిలో సుమారు పదింట తొమ్మిది మంది బతకరు.

ఇక జనాభిప్రాయం. 2023లో, జనాభిప్రాయాలు సేకరించే ప్యూ అనే అమెరికా సంస్థ సర్వేలో 58 శాతం మంది చట్టాలు మరింత కఠినం కావాలన్నారు. అయితే తుపాకీ ఉన్నవారిలో 72 శాతం మంది ఆత్మరక్షణ ఒక ముఖ్య కారణమన్నారు. ఇంటిని కాపాడుతుందని నమ్మి తెచ్చుకున్న వస్తువే ఇంట్లోవాళ్ళకు ముప్పని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. పైగా తుపాకీ నియంత్రణను ప్రోత్సహించడానికి ప్రభుత్వ నిధులు వాడకూడదని 1996లో అక్కడి చట్టసభ పెట్టిన షరతు వల్ల, తుపాకీ మరణాలపై ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధన రెండు దశాబ్దాలకు పైగా దాదాపు నిలిచిపోయింది. నా దృష్టిలో అది అన్నిటికంటే పెద్ద నష్టం.

మీ అమ్మాయిని మొహమాటపడకుండా ఆ ఇంటివారిని అడగమనండి: తుపాకీలో తూటాలు తీసేసి ఉన్నాయా, దానికి తాళం వేశారా, తూటాలను వేరేచోట తాళంలో పెట్టారా? అక్కడి పిల్లల వైద్యులు తల్లిదండ్రులకు చెబుతున్నదీ ఇదే. జవాబు నమ్మకం కలిగించకపోతే, ఆ ఇంటి పిల్లవాణ్ణే మీ అమ్మాయి ఇంటికి ఆటకు పిలవమనండి.