ఆ స్క్రిప్టును రెండోసారి నడిపి చూశారా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తయింది. అమీర్‌పేటలో లైనక్స్ అడ్మిన్ కోర్సు నేర్చుకుంటున్నాను. ఒక ఫైల్లో ఉన్న పేర్లను చదివి యూజర్ అకౌంట్లు, పాస్‌వర్డులు క్రియేట్ చేసే షెల్ స్క్రిప్టు (వరుసగా నడిచే లైనక్స్ కమాండ్ల ఫైలు) రాశాను. మొత్తం 20 లైన్లు. ‘పాత చింతకాయ పచ్చడి, క్లౌడ్ నేర్చుకో’ అంటున్నారు రూమ్మేట్లు. దీన్ని రెజ్యూమెలో పెట్టొచ్చా? అప్పుచేసి డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీ, సర్వర్ల నిర్వహణ కలిపి చూసే పని) కోర్సులో చేరమంటారా?

జవాబు: పెట్టండి. కాకపోతే ఇప్పుడున్నట్టుగా వద్దు. (చింతకాయ పచ్చడి పాతదైతేనే రుచి, అది వేరే సంగతి.)

ముందు ఆ స్క్రిప్టును అదే ఫైలుతో రెండోసారి నడపండి. పేరు ఇప్పటికే ఉంది కాబట్టి అకౌంటు తయారుచేసే యూజర్‌యాడ్ కమాండు 9 అనే ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె) ఇచ్చి తప్పుకుంటుంది. స్క్రిప్టు మాత్రం ఆగదు. కింది లైన్లో పాస్‌వర్డు పెట్టే సీహెచ్‌పాస్‌డబ్ల్యూడీ కమాండు ఉంటే, అది నిన్నటిదాకా హాయిగా పనిచేసుకుంటున్న ఉద్యోగి పాస్‌వర్డును మార్చేసి కూర్చుంటుంది. నేను ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసిన రోజుల్లో మొదట అడిగింది ఇదే. ‘ముందు గెటెంట్ కమాండుతో పేరు ఉందో లేదో చూసి, ఉంటే వదిలేసి లాగ్‌లో రాస్తాను’ అన్నవాళ్లు తక్కువ. అలా అన్నవాళ్లను ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టేవాళ్లం.

తర్వాత పాస్‌వర్డు ఎలా ఇస్తున్నారో చూసుకోండి. యూజర్‌యాడ్‌కి మైనస్ పీ పెట్టి మామూలు పాస్‌వర్డు ఇస్తే అకౌంటు తయారవుతుంది, లాగిన్ మాత్రం అవదు. అక్కడ హ్యాష్ (పాస్‌వర్డును తిరిగి చదవలేని రూపంలోకి మార్చిన అక్షరాల వరుస) ఇవ్వాలి. పైగా కమాండ్ లైన్లో రాసింది అదే సర్వర్లో పీఎస్ (నడుస్తున్న పనుల జాబితా చూపే కమాండు) కొట్టిన ఎవరికైనా కనపడే ప్రమాదం ఉంది. పేరు, కోలన్, పాస్‌వర్డు కలిపి పైపు (ఒక కమాండు ఫలితాన్ని ఇంకోదానికి అందించే గుర్తు) ద్వారా సీహెచ్‌పాస్‌డబ్ల్యూడీకి అందించడం మేలు. అందరికీ ‘వెల్కమ్ 123’ పెట్టే అలవాటుంటే మానేయండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ర్యాండ్ కమాండుతో ఒక్కొక్కరికీ వేరేది తయారు చేయండి. పాస్‌వర్డు గడువులు చూసే చేజ్ కమాండుకి మైనస్ డీ సున్నా పెట్టి కొడితే మొదటి లాగిన్‌లోనే యూజర్ దాన్ని మార్చుకోక తప్పదు.

నా సొంత పరువు పోయిన కథ ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో హెచ్‌ఆర్ వాళ్లు ఎక్సెల్ నుంచి తీసిన సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలు ఉండే మామూలు టెక్స్టు) పంపారు. స్క్రిప్టు నడిపాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. పొద్దున్నే ఫోన్లు: ఒక్కరికీ లాగిన్ అవడం లేదు. రెండు గంటలు టెన్షన్ పడ్డాక, క్యాట్ కమాండుకి, కనపడని గుర్తులను కూడా చూపించే మైనస్ క్యాపిటల్ ఏ తగిలించి ఫైలు చూస్తే దొంగ దొరికాడు. విండోస్‌లో తయారైన ఫైలు కదా, ప్రతి వరుస చివరా కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఉంది. చివరి గడి పాస్‌వర్డే కాబట్టి అది దానికి అతుక్కుపోయింది. ఆ గుర్తును తీసేసే డాస్‌టుయూనిక్స్ కమాండు ఒక్కసారి కొట్టి ఉంటే సరిపోయేది. మీరూ విండోస్‌లో ఒక ఫైలు చేసి, ఈ తప్పు చేతులారా చేసి చూడండి.

అకౌంటు తీసేసే స్క్రిప్టు కూడా రాయండి. ఉద్యోగం మానేసిన వ్యక్తిని యూజర్‌మాడ్ మైనస్ క్యాపిటల్ ఎల్ కమాండుతో లాక్ చేస్తే పాస్‌వర్డు లాగిన్ మాత్రమే ఆగుతుంది. అతని ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డు లేకుండా లాగిన్ అవడానికి వాడే తాళంచెవి లాంటి ఫైలు) ఉంటే ఇంకా లోపలికి రాగలడు. అకౌంటునే ఎక్స్‌పైర్ చేయాలి. ఇది సీనియర్లు కూడా మరిచిపోతుంటారు.

మీ రూమ్మేట్ల మాటలో నిజం లేకపోలేదు. పెద్ద కంపెనీల్లో అకౌంట్లు యాక్టివ్ డైరెక్టరీలోనో ఎల్‌డ్యాప్‌లోనో (అందరి అకౌంట్లూ ఒకేచోట ఉంచే వ్యవస్థలు) ఉంటాయి, సర్వర్ల మీద పని ఆన్సిబుల్ (ఎన్నో సర్వర్లను ఒకేచోట నుంచి సెట్ చేసే సాధనం) చేస్తుంది. అయితే ఆన్సిబుల్ యూజర్ మాడ్యూల్ కూడా పాస్‌వర్డు దగ్గర హ్యాషే అడుగుతుంది. అది ఎందుకో తెలిసినవాడికి ఆన్సిబుల్ త్వరగా ఎక్కుతుంది.

కోర్సుకి అప్పు ఇప్పుడే చేయకండి. వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉచితం, రాకీ లైనక్స్ ఉచితం. రెండు మెషీన్లు పెట్టుకుని ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ వాళ్ల లైనక్స్ అడ్మిన్ సర్టిఫికెట్ పరీక్ష) సిలబస్ చేయండి. అందులో యూజర్లు, పాస్‌వర్డు గడువులు, చిన్న షెల్ స్క్రిప్టులు అన్నీ ఉన్నాయి. ఆ పరీక్షలో బిట్లు ఉండవు, సిస్టమ్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి.

రెజ్యూమెలో ‘షెల్ స్క్రిప్టింగ్ వచ్చు’ అని రాయొద్దు. ‘సీఎస్‌వీ నుంచి అకౌంట్లు, ఎన్నిసార్లు నడిపినా పాత యూజర్లు మారరు, మొదటి లాగిన్‌లో పాస్‌వర్డు మార్పు తప్పనిసరి’ అని రాసి, పక్కనే గిట్‌హబ్ (కోడ్ పెట్టే సైటు) లింకు ఇవ్వండి. అప్‌లోడ్ చేసేముందు ఆ ఫోల్డర్లో పాస్‌వర్డుల ఫైలు మిగిలిపోయిందేమో ఓసారి చూసుకోండి.