గ్రూపులో పెట్టిన ఫొటోలు బయటికి పోకుండా ఏ సెట్టింగ్ పెట్టాలి?

మీరు అడిగింది ఇది: హనుమకొండలో మీ కాలనీ వాట్సాప్ గ్రూపు, రెండు వందల మంది దాకా ఉన్నరు, అడ్మిన్ మీరే. సద్దుల బతుకమ్మ నాటి ఫొటోలు అండ్ల పెడితే మూడో రోజుకు ఎవరిదో ఫేస్‌బుక్ పేజీలో తేలినయి. ఏ సెట్టింగ్ పెడితే ఆగుతది?

ఫార్వర్డ్‌ను ఆపే సెట్టింగ్ వాట్సాప్ గ్రూపుకు లేదు. 2025లో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ అని ఒకటి ఇచ్చిండ్రు, గ్రూప్ ఇన్ఫోలో ఉంటది. ఆన్ చేయండి, మంచిదే. కానీ అది ఆపేది చాట్‌ను మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుడు, ఫొటోలు వాటంతటవే ఫోన్లకు దిగుడు, మెసేజులను వాట్సాప్‌లోని ఏఐ సహాయకుడు మెటా ఏఐకి వాడుడు. ఫొటో మీద వేలు పెట్టి ఫార్వర్డ్ కొట్టేటోళ్లను, స్క్రీన్‌షాట్ తీసేటోళ్లను అది ఆపదు. ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్’ అని పైన రాసి ఉంటది గదా అని ధీమాగా ఉండేటోళ్లు మస్తుగ ఉన్నరు. అది పంపినోళ్ల ఫోన్ అనే ఈ చివర నుంచి అందుకున్నోళ్ల ఫోన్ అనే ఆ చివర దాకా, దారిలో ఎవరూ చూడకుండ తాళం వేసి కాపాడుతది. మీ గ్రూపులో ఉన్న ప్రతి ఫోనూ ఒక చివరే. అక్కడ ఫొటో తాళం తీసే ఉంటది.

మీ ఫొటో పోయిన దారి చాలావరకు ఇట్లనే ఉంటది. రాత్రి పదింటికి ఒకరు నలభై ఫొటోలు గ్రూపులో పెడతరు. ఆటో డౌన్‌లోడ్ ఉన్న ఫోన్లన్నిట్ల అవి గ్యాలరీకి దిగుతయి. బ్యాకప్ పెట్టుకున్నోళ్ల గూగుల్ ఫొటోస్‌కు కూడా ఎక్కుతయి. తెల్లారి ఒకామె తన బతుకమ్మ బాగొచ్చిందని ఒక ఫొటో స్టేటస్ పెట్టుకుంటది. పక్కన మీ బిడ్డ, వెనుక ఇంకో నలుగురు ఉంటరు. ఆ స్టేటస్ కరీంనగర్ చుట్టాలకు, జనగామ దోస్తులకు, ఆమె నంబర్ సేవ్ చేసుకొని ఆమె దగ్గర కూడా నంబర్ ఉన్న దుకాణపాయనకు కనపడతది. వాళ్లల్ల ఒకరు స్క్రీన్‌షాట్ తీసి పేజీ నడిపే పిల్లగానికి పంపిస్తడు. ఎవరికీ చెడ్డ ఆలోచన లేదు, పండుగ సంబురమే. ఫార్వర్డ్‌కు ఒకసారికి ఐదు చాట్ల హద్దుంది, చాలా చేతులు మారినదైతే ఒక్క చాట్‌కే పోతది. కానీ గ్యాలరీకెల్లి తీసి కొత్తగా పంపితే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతది, ‘ఫార్వర్డెడ్’ అన్న ముద్ర కూడా ఉండదు. అందుకే ఎవరు బయటపెట్టిండ్రో దొరకబట్టుడు వృథా.

మీ చేతిలో ఉన్నది, గ్రూపులో ఎవరుండాలె అన్నది. నా మాట వింటే సెట్టింగుల కన్నా ముందు సభ్యుల లిస్టు తెరవండి. ఖాళీ చేసి పోయిన కిరాయిదార్లు, ఒకప్పుడు వాటర్ క్యాన్ తెచ్చినాయన, ప్లాటు అమ్మి హైదరాబాద్ పోయినాయన, డీపీ లేని, పేరు లేని నంబర్లు కనపడతయి. ఎవరో తెలియని నంబర్‌ను గ్రూపులోనే అడగండి, రెండు రోజుల్ల జవాబు రాకుంటే తీసేయండి. తర్వాత గ్రూప్ పర్మిషన్స్‌లో సభ్యులను చేర్చే హక్కు అడ్మిన్లకే ఉంచి, అప్రూవ్ న్యూ మెంబర్స్ ఆన్ చేయండి. ఇన్వైట్ లింక్‌ను రీసెట్ చేయండి. కమ్యూనిటీ హాల్ గోడ మీద క్యూఆర్ కోడ్ అతికించి మరిచిపోతరు, అది పాతదే అయినా రీసెట్ చేసేదాక పనిచేస్తనే ఉంటది. ఇంకొకటి, గ్రూపులో ప్రతి ఆడామె నంబర్ అందరికీ కనపడతది. ఫొటోల గురించి ఇంత బాధపడేటోళ్లు దీని గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు. నీళ్లు రాలేదు, కరెంటు పోయింది లాంటి సమాచారానికి, గ్రూపులను ఒక్కకాడ కలిపే వాట్సాప్ ‘కమ్యూనిటీ’లోని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడితే సభ్యులకు ఒకరి నంబర్ ఒకరికి కనపడదు.

ఫొటోలకు కాలనీ గ్రూపు వద్దే వద్దు. ఆడిన ఇరవై ముప్పై మందితోటి వేరే గ్రూపు పెట్టండి, లేకుంటే గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ చేయండి. ఆల్బమ్ ఆప్షన్స్‌లో ఫొటో లొకేషన్ షేరింగ్ ఆఫ్ చేసి లింక్ ఇవ్వండి, వారం తర్వాత లింక్ షేరింగ్ ఆఫ్ చేయండి. అప్పటికే దించుకున్న కాపీలు పోవు, కానీ ఆ లింక్‌తో కొత్తోళ్లు చూసుడు ఆగుతది. వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే లొకేషన్ వివరాలు ఊడిపోతయి. క్లియర్‌గా రావాలని ‘డాక్యుమెంట్’ కింద పంపితే మాత్రం, కెమెరాలో లొకేషన్ ఆన్ ఉంటే, ఇల్లు ఎక్కడుందో సహా పోతది. పెండ్లి ఫొటోలను అట్లనే పంపుతున్నరు, జాగ్రత్త.

తప్పున పడిన ఫొటోను పంపినోళ్లు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ చేయొచ్చు, రెండు రోజుల పైన కొద్ది గంటల వరకే. ఇతరులు పెట్టింది కూడా అడ్మిన్‌గా మీరు తీసేయొచ్చు. ఫార్వర్డ్ అయిన కాపీలకు, ఐఫోన్ గ్యాలరీలో సేవ్ అయినవాటికి ఇది వర్తించదు.

ఇక ఆ పేజీ సంగతి. ముందు పేజీకి మర్యాదగా మెసేజ్ పెట్టండి, చాలామంది తీసేస్తరు. లేకుంటే ఫొటో మీది మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి. ఫొటోలో ఉన్న మనిషే చేస్తే బలం ఎక్కువ. మార్ఫింగ్ గానీ బెదిరింపు గానీ ఉంటే ఆగొద్దు, స్క్రీన్‌షాటు, లింకు దాచుకొని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ మహిళల కోసం ఉన్న పోలీసు బృందాలు వరంగల్ షీ టీమ్స్‌కు గానీ ఫిర్యాదు ఇవ్వండి. ఫేస్‌బుక్ గ్రూపుల్ల కూడా ఒక భ్రమ ఉంది: ‘అనానిమస్’గా పోస్టు పెడితే పేరు ఎవరికీ తెలవదనుకుంటరు. అడ్మిన్లకు, మోడరేటర్లకు కనపడతది.

మీరు అడగలేదు కానీ చెప్పకుండ ఉండలేను. బతుకమ్మ ఫొటోల కన్నా వంద రెట్లు ప్రమాదమైనవి చిట్టీల గ్రూపుల్ల, మహిళా సంఘాల గ్రూపుల్ల రోజూ పడుతున్నయి. ‘అందరూ ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ ఇక్కడ పెట్టండి’ అంటరు, పెడతరు. పేరు, నంబర్, బ్యాంకు, ఆధార్ అన్నీ ఒక్కకాడ. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతికి బ్యాంకు పేరు, ఆధార్ నంబర్, వేలిముద్ర ఉంటే సరిపోతది. అండ్ల రెండు మనమే ఇస్తున్నం. అడిగినామెకు విడిగా పంపండి, అదీ మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దిగుతది, మొదటి ఎనిమిది అంకెలు కనపడవు. ఇప్పటికే గ్రూపులో పెట్టినోళ్లు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేసుకోండి. రేషన్ షాపుకు పోయే ముందు అన్‌లాక్ చేయాలె, లేకుంటే మిషన్ వేలిముద్ర తీసుకోదు.