దారి పొడవునా ఆటలే

ప్రశ్న: మేము హైదరాబాదులో ఉంటాము. ప్రతి సంక్రాంతికి కారులో మా అత్తగారి ఊరు అనకాపల్లి వెళ్తాము. దాదాపు 600 కిలోమీటర్ల ప్రయాణం. బాబుకు 9 ఏళ్లు, పాపకు 5 ఏళ్లు. కిందటిసారి అల్లరి భరించలేక ఇద్దరికీ చెరో ఫోను ఇచ్చాము. సూర్యాపేట చేరకముందే పాపకు వాంతులయ్యాయి. ఫోను తీసుకోగానే బాబు పేచీ మొదలుపెట్టాడు. ఈసారి ఫోన్లు ఇవ్వకూడదని నిశ్చయించుకున్నాము. మా అత్తగారు కూడా మాతోనే వస్తున్నారు. పిల్లలకు పొద్దుపోయేదెలా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ నిశ్చయం సరైనదే. బండి కదులుతోందని లోచెవి మెదడుకు చెబుతూ ఉంటే, ఫోను మీద నిలిచిపోయిన కళ్లు మాత్రం కదలికేమీ లేదని చెబుతాయి. ఈ రెండింటికీ పొంతన కుదరకపోవడం వల్లనే కడుపులో తిప్పుతుంది. 2 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లలకు ఈ బాధ ఎక్కువ. అందుచేత ఫోనుకు బదులు బొమ్మల పుస్తకమో రంగు పెన్సిళ్లో ఇచ్చినా పాపకు మళ్లీ అదే పరిస్థితి రావచ్చు. తల వంచుకుని చేసే పనులన్నీ బండి ఆగినప్పటికి అట్టేపెట్టి, నడుస్తున్నంతసేపూ దూరాన కనిపించేవాటితోనూ, చెవితోనూ, నోటితోనూ సాగే ఆటలే ఆడించండి.

ఇందుకు ముందుగా పాపకు బయట ఏముందో కనిపించాలి. అయిదేళ్ల పిల్లను మామూలు సీటులో కూర్చోబెడితే ఎదురుగా సీటు వెనుకభాగం, పక్కన తలుపు తప్ప ఏమీ కనిపించవు. విసుగులో సగం అక్కడే పుడుతుంది. ఎత్తు పెంచే బూస్టర్ సీటు వేసి బెల్టు పెడితే కళ్లు కిటికీ అంచుకు పైన ఉంటాయి. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షను ప్రకారం 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది. ఒడిలో కూర్చోబెట్టుకుని ఆడించే అలవాటు మాత్రం దయచేసి మానుకోండి.

ఇక ఆటల సంగతి. మీ బాబు వయసుకు ఊళ్ల పేర్ల ఆటను మించినది లేదని నా అభిప్రాయం. నార్కట్‌పల్లి, సూర్యాపేట, ఇబ్రహీంపట్నం, అన్నవరం అంటూ దారి బోర్డుల మీద వచ్చే పేర్ల చివరలను తలా ఒకటి ఎంచుకోవాలి. ఒకరికి ‘పల్లి’, ఒకరికి ‘పేట’, ఇంకొకరికి ‘పాలెం’. ఎవరి చివర ఎక్కువసార్లు వస్తే వారు గెలిచినట్టు. తెలంగాణలో ‘పల్లి’ పట్టినవారు ముందుంటారు, కోస్తాలోకి వచ్చాక ‘పాలెం’ పట్టినవారు పుంజుకుంటారు. అందువల్ల విజయవాడ దాటినా ఆట తేలదు. ఈలోగా పిల్లవాడు బోర్డులన్నీ తెలుగులో చదువుతాడు. పాప ఇంకా అక్షరాలు నేర్చుకుంటోంది కనుక ఆమెకు రాళ్ల రంగులు అప్పగించండి. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాయికి తల పసుపు రంగు, రాష్ట్ర రహదారి మీద ఆకుపచ్చ. టీకి ఆగడానికి పక్క రోడ్డులోకి మళ్లినప్పుడు రంగు మారిందేమో ఆమెనే చూసి చెప్పమనండి.

పండుగ రోజుల్లో టోల్‌గేట్ల దగ్గర బండ్లు బారులు తీరుతాయి. పంతంగి దగ్గర అలా నిలబడిపోయినప్పుడు నంబరు ప్లేట్ల ఆట పనికొస్తుంది. ‘టీఎస్’ 2014 నుంచి ఉంది, 2024 మార్చి నుంచి ‘టీజీ’ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లాలన్నిటికీ కలిపి ‘ఏపీ 39’ ఇవ్వడం మొదలైంది, అంతకుముందు జిల్లాకొక అంకె ఉండేది. విశాఖకు 31, కృష్ణాకు 16, పశ్చిమ గోదావరికి 37. ముందున్న బండి ఏ జిల్లాదో, ఎన్నేళ్ల కిందటిదై ఉంటుందో బాబు ఊహించి చెప్పవచ్చు.

‘ఇంకా ఎంత దూరం’ అన్న ప్రశ్నకు కిలోమీటర్లలో జవాబిస్తే పిల్లలకు తృప్తి ఉండదు. నదులతో చెప్పండి. సూర్యాపేటకు ముందు మూసీ, నందిగామ దాటాక కీసర దగ్గర మున్నేరు. గుండుగొలను తరువాత మీరు రావులపాలెం మీదుగా వెళ్తే గోదావరి రెండు పాయలుగా తగులుతుంది, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి. కొవ్వూరు వైపు రోడ్డు పడితే ఒకే వంతెన మీద అఖండ గోదావరిని దాటుతారు. ఏ దారిన వెళ్లాలో ముందురోజే పిల్లలను అడిగి నిర్ణయించండి. తాము ఎంచిన వంతెన కోసం వాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తారు.

మీ అత్తగారు తోడు ఉండడం మీ అదృష్టం. ఆమెను వెనుక సీటులో పిల్లల మధ్య కూర్చోబెట్టండి. ‘కిటకిట తలుపులు, కిటారు తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అని ఆమె పొడుపు కథ వేస్తే, కనురెప్పలన్న జవాబు కోసం పాప తన ముఖమంతా తడుముకుంటుంది. ‘తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది’ అంటే బాబుకు మొదట ఉత్తరం సంగతి చెప్పవలసి వస్తుంది. ఆ పైన ఆమడ అంటే సుమారు 8 మైళ్లని చెప్పి, ఆ పిట్ట ఎన్ని కిలోమీటర్లు పోయిందో నోటిలెక్క కట్టమనండి. సంత ఆట కూడా ఆమెకు తెలిసే ఉంటుంది: ‘సంతకు వెళ్లి వంకాయలు కొన్నాను’ అని ఒకరు అంటే, రెండోవారు వంకాయలతోపాటు మరొకటి చేర్చి చెప్పాలి, మూడోవారు ఆ రెంటినీ చెప్పి ఇంకొకటి కలపాలి. పదో సరుకు దగ్గర పెద్దవాళ్లే తడబడతారు, పిల్లలకు అదే పండుగ.

బయలుదేరే ముందు పూరీలు, గారెలు వద్దు, ఇడ్లీ చాలు. రెండు గంటలకు ఒకసారి ఆపి, పిల్లలను రోడ్డుకు దూరంగా పది నిమిషాలు పరుగెత్తనివ్వండి. మధ్యలో వాళ్లు ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే వెంటనే మరో ఆట మొదలుపెట్టకండి, అలా చూడనివ్వండి.

ప్రశ్న: మేము కర్నూలు నుంచి బెంగళూరుకు సాయంత్రం బయలుదేరుతాము. అనంతపురం చేరేసరికి చీకటి పడుతుంది. అప్పుడు కిటికీ ఆటలు సాగవు కదా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సాగవు. గుత్తి కోట కొండ, పామిడి దగ్గర పెన్న వెలుగుండగానే చూపించి, ఆ తరువాత కథలకు రండి. కథను సగం చెప్పి మిగతా సగం పిల్లలను అల్లమనండి, లేదా అంత్యాక్షరి ఆడండి. బండి నడిపేవారిని మాత్రం ఏ ఆటలోకీ లాగవద్దు. బొమ్మలు చూపించడానికి లోపలి లైటు కూడా వేయకండి. ఆ వెలుతురు ముందు అద్దంలో పడితే చీకట్లో రోడ్డు సరిగా కనిపించదు.